అంగూర్ వాదీలో పడవ, షక్కర్‌నగర్‌లో తాళం

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో రంజాన్ తర్వాత మొదలైన బహస్ ఇంకా తెగలేదు. మా ఆపా కూతురు జర్మనీలో చదువుకుని అక్కడే నౌకరీ చేస్తోంది. అమ్మీ అబ్బాలను పిలిపించుకుని రైన్ నది మీద పెద్ద పడవలో వారం రోజులు తిప్పాలని ఆ పిల్ల ఆర్జూ. పడవ కంపెనీ పంపిన ఫోటోలు గ్రూపులో పెట్టింది. రెండు వైపులా కొండలు, కొండల మీద పాత ఖిల్లాలు, ఖిల్లాల కింద నది దాకా దిగిన అంగూర్ తోటలు. అందరూ సుబ్హానల్లాహ్ అన్నారు. అంతలో ఒక చిచ్చా ఫోటోల కింద ఉన్న ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి అడిగాడు: "బేటీ, ఊరూరికీ వైన్ టేస్టింగ్ అని రాసి ఉంది, ఏందిది?"

ఇక చూడండి. షరాబ్ తయారయ్యే ఇలాఖాకు సైర్‌కు పోవడమే గునాహ్ అని సగం మంది. మనం ముట్టకుంటే చాలు, కళ్లు మూసుకుని బతకాలా అని మిగతా సగం. ఆపా మధ్యలో నలిగిపోయి, "నాకు పడవా వద్దు, జర్మనీ వద్దు" అని గ్రూపు నుంచే ఎగ్జిట్ అయిపోయింది.

నా రాయ్ ఎవరూ అడగలేదు. అయినా రాతల మీద బతికేవాణ్ని, ఊరుకోలేను. రెండు గుంపులూ గ్లాసు దగ్గరే ఆగిపోయాయి. ఆ ఫోటోల్లో బోధన్ వాళ్లు చూడాల్సింది గ్లాసు వెనకాల ఉంది. అక్కడికి వచ్చే ముందు గ్లాసు సంగతే తేల్చేస్తాను, లేకపోతే మీరు ముందుకు చదవరు.

నేను ఆలిమ్‌ను కాను. ఫత్వా కావాలంటే మీ మౌలానా సాబ్‌ను అడగండి. నాకు తెలిసిన మాట ఒకటే. షరాబ్ తిరిగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దని హదీస్ ఉంది. ఆ వారం రోజుల పడవల్లో రాత్రి భోజనం బల్ల మీద వైన్ సామాన్యంగా ఉంటుంది, చాలా చోట్ల టికెట్టులోనే కలిపి ఉంటుంది. కాబట్టి వారం పడవ వద్దు. ఈ విషయంలో చిచ్చాతోనే ఉన్నాను. కానీ రైన్ చూడటానికి వారం పడవ ఎందుకు? బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్లు, ఆ నదికి పేరు తెచ్చిన ముక్క అదే. యునెస్కో 2002లో విశ్వ వారసత్వంగా గుర్తించింది కూడా దాన్నే. అక్కడ పగటి పూట తిరిగే మామూలు పడవలు ఉన్నాయి. ఊరూరా ఆగుతాయి. పొద్దున ఎక్కి, నచ్చిన ఊళ్లో దిగి, సాయంత్రం ఒడ్డు వెంట నడిచే రైల్లో వెనక్కి రావచ్చు. టిఫిన్ డబ్బా వెంట ఉంటే ఎవరి బల్లా మనకు అక్కర్లేదు. సఫర్‌లో నమాజ్ ఖస్ర్ ఎలాగూ ఉంది. అక్కణ్నుంచి ఖిబ్లా ఆగ్నేయం వైపు.

ఒక ఎహతియాత్ మాత్రం. సెప్టెంబర్, అక్టోబర్‌లో పోతే ఆ ఊళ్లలో ఫెడర్‌వైసర్ అని ఒకటి అమ్ముతారు. మబ్బు మబ్బుగా, తియ్యగా, మన చెరుకు రసం లాగే కనిపిస్తుంది. రసం అనుకుని పిల్లల చేతికిచ్చేరు. అది అప్పటికే పులుస్తూ ఉంటుంది. ఉత్త అంగూర్ రసం కావాలంటే ట్రౌబెన్‌జాఫ్ట్ అని అడగాలి.

ఇక తోటలు చూడటమే గునాహ్ అనేవాళ్లకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. జన్నత్ గురించి చెప్పే చోట అంగూర్ ప్రస్తావన ఖుర్ఆన్‌లోనే ఉంది. నిజామాబాద్‌లో కల్లు డిపో ముందు నుంచి నడవకుండా జుమాకు పోయే దారి ఎంతమందికి ఉంది? 1907లో ఇక్బాల్ సాహెబ్ జర్మన్ భాష నేర్చుకోవడానికి హైడెల్‌బర్గ్‌లో ఉన్నారు. ఆ ఊరు నెకార్ నది ఒడ్డున ఉంది. ఆ నది కూడా అంగూర్ కొండల మధ్య నుంచే వచ్చి మాన్‌హైమ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ఆ ఒడ్డున గడిపిన ఒక సాయంత్రం మీద ఆయన రాసిన నజ్మ్ 'బాంగ్-ఎ-దరా'లో ఉంది. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు తీసి చూడండి, అందులో షరాబ్ చుక్క లేదు, ఖామోషీ ఉంది. ఇవాళ హైడెల్‌బర్గ్‌లో నది పక్క రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. మా ఆపా ఆ రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే ఈమాన్‌కు వచ్చే ఖత్రా ఏమిటో నాకు అర్థం కాదు.

ఇంకో మాట దిల్‌లో ఉంది, అదీ చెప్పేస్తాను. మన నిజామాబాద్ జిల్లా ముసల్మాన్‌కు విదేశం అంటే రెండే. ఒకటి రోజీ, రెండోది హజ్, ఉమ్రా. మా దుల్హాభాయ్ ఇరవై రెండేళ్లు గల్ఫ్‌లో బండి నడిపాడు. ఎయిర్‌పోర్టు, కంపెనీ గది, రోడ్డు, మళ్లీ ఎయిర్‌పోర్టు. ఊరికే చూడటానికని ఆయన జిందగీలో ఎక్కడికీ పోలేదు. ఆ మనిషి కూతురి కమాయితో ఒక్క పూట పడవ అంచున కాళ్లు చాపుకుని కూర్చుంటే మనకు ఇంత కడుపుమంట ఎందుకు?

గ్లాసు పక్కన పెట్టాం కదా, ఇప్పుడు అసలు సంగతి.

షరాబ్ ఇలాఖా అని ముక్కు మూసుకునే మన బోధన్ వాళ్లకు ఒకటి గుర్తు చేయాలి. మన ఊరు బతికిందే చెరుకు మీద. చెరుకు నుంచి చక్కెర తీశాక నల్లటి చిక్కటి మొలాసిస్ మిగులుతుంది. టన్ను చెరుకుకు సుమారు క్వింటాలు చక్కెర వస్తే, నలభై కిలోల పైన మొలాసిస్ వస్తుంది. దాన్ని పులియబెట్టి బట్టీ పడితే ఆల్కహాల్. షక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీతో పాటు డిస్టిలరీ ఉండేది. గాలి అటు నుంచి వీస్తే ఆ పులుపు వాసన మా స్కూలు కిటికీల దాకా వచ్చేది. మాకది వాసన అని కూడా తెలియదు, బోధన్ గాలి అంటే అదే అనుకునేవాళ్లం. అందులో పనిచేసినవాళ్లు మా మొహల్లాలో ఉన్నారు. ఐదు పూటల నమాజీలు. వాళ్ల తన్ఖా నుంచే మదర్సాకు చందా వచ్చింది, ఆడపిల్లల షాదీలు అయ్యాయి. ఒక్కరూ రసీదు బుక్కు మూసి, ఈ పైసా ఏ డిపార్ట్‌మెంటుదని అడగలేదు. అడగాలని నేను అనడం లేదు. ఆల్కహాల్ దవాఖానాకు పోతుంది, మందుల కంపెనీలకు పోతుంది, ఇప్పుడైతే మన మోటార్ సైకిల్ ట్యాంకులో పోసే పెట్రోల్‌లోనూ ఇరవై శాతం దాకా ఇథనాలే. సీసాలోకి పోయేది పోయింది. ఆ నిజాం సర్కారు ఖజానాకు ఆబ్కారీ ఎంత పెద్ద ఆమ్దనీయో తారీఖ్ చదివినవాళ్లకు తెలుసు. మన రోటీ ఏ బట్టీ పక్కన కాలిందో తెలిసినవాళ్లం, ఇంకొకరి నది ఒడ్డును చూసి తౌబా తౌబా అనడానికి కొంచెం ఆగాలని మాత్రమే అంటున్నాను.

మాటలను చూసినా ఈ చుట్టరికం తెలుస్తుంది. మన సంస్కృతం శర్కర ఫార్సీలో షకర్ అయింది, అరబీలో సుక్కర్ అయింది, అక్కణ్నుంచి అందలుసియా మీదుగా యూరప్ నోట్లోకి పోయింది. పోర్చుగీసు వాళ్లు ఇప్పటికీ చక్కెరను అసుకార్ అంటారు, ముందు అరబీ 'అల్' అతుక్కునే ఉంది. ఆల్కహాల్ అన్న మాటా అరబీదే. షర్బత్, షరాబ్ ఒకే ధాతువు నుంచి పుట్టిన అక్కాచెల్లెళ్లు. షక్కర్‌నగర్ అని పేరు పెట్టినవాళ్లు ఇదంతా ఆలోచించారో లేదో గానీ, ఆ ఒక్క బోర్డులో సగం దునియా సఫర్ ఉంది.

చెరుకుకూ అంగూర్‌కూ ఇంకో పోలిక ఉంది. రెండూ ఆగలేవు. వడ్లు కోసి ఆరబోసి గోదాంలో పెట్టి, రేటు వచ్చిన నాడు అమ్ముకోవచ్చు. పసుపు ఏడాది ఆపినా పసుపే. చెరుకు కోసిన మరునాటి నుంచే తీపి తగ్గడం మొదలు. అంగూర్ అంతకన్నా నాజూకు, కోసిన రోజే తొక్కాలి. కాబట్టి ఈ రెండు పంటల పక్కన గానుగ ఉండి తీరాలి. గానుగ మూతపడితే రైతుకు వేరే దారి లేదు. పంటే పోతుంది. పంట పోతే కూలీ పోతాడు, బండి పోతుంది, బజార్ పోతుంది. అందుకే అంగూర్ దేశాలు తమ గానుగలను ఎలా కాపాడుకున్నాయన్నది మనం చూడాల్సిన తమాషా. పడవలో కూర్చుంటే అది రెండు ఒడ్డులా కనిపిస్తుంది.

రైన్ కన్నా మన కథకు దగ్గరగా ఉండేది పోర్చుగల్‌లోని దూరో నది. అక్కడా ఇప్పుడు పెద్ద పడవలు తిరుగుతున్నాయి, పోర్తో నగరం నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా 210 కిలోమీటర్లు. ఒకప్పుడు ఆ నది మీద సైర్ మాటే లేదు. రాళ్ల మీద పరుగులు పెట్టే నీళ్లలో రబేలో అనే చదునైన పడవలు వైన్ పీపాలు వేసుకుని దిగేవి. చాలా పడవలు పగిలేవి, మనుషులు పోయేవారు. తర్వాత నది మీద డ్యాములు కట్టారు. పోర్చుగల్ లోపల ఆ దారిలో ఐదు డ్యాములు. ఒక్కో దాని పక్కన పడవలను ఎత్తి దించే నీటి గది ఉంటుంది. కరపతేలో అనే చోట పడవ ఒక్కసారే సుమారు 35 మీటర్లు పైకి లేస్తుంది, పది అంతస్తుల మేడ అనుకోండి. నది పొడవునా దారి పూర్తయింది 1990లో. అంటే ఈ క్రూయిజ్‌ల ముచ్చట నిన్న మొన్నటిది. తోటలు అంతకు ముందు నుంచి ఉన్నాయి.

ఆ తోటలు ఊరికే మిగల్లేదు. 1756లో పోంబాల్ అనే వజీరు ఈ హద్దుల్లో పండినదే ఈ పేరు పెట్టుకుని అమ్మాలని కానూన్ చేసి, మూడు వందలకు పైగా గ్రానైట్ హద్దురాళ్లు పాతించాడు. ఆయనేం వలీ కాదు. ఆయన పెట్టిన కంపెనీ మీద మరుసటేడు పోర్తోలో జనం తిరగబడితే ఉరికంబాలు ఎక్కించాడు. అయినా ఆ హద్దు నిలిచింది. వంద ఏళ్ల తర్వాత ఫిలాక్సెరా అనే పురుగు వేళ్లను తినేసి తోటలకు తోటలను ఎండబెట్టింది. అమెరికా అంగూర్ వేళ్లకు తమ కొమ్మలు అంటుగట్టి మళ్లీ నాటుకున్నారు. ఇవాళ కూడా ఏ రైతు పంటలో ఎంత భాగం పోర్ట్ వైన్‌గా మారవచ్చో ఏటా సంస్థ కూర్చుని తేలుస్తుంది. రేటు పడిపోకుండా అదొక కట్ట. ఆ కట్ట మీద రైతులకు గిలా ఉంది, అక్కడా ధర్నాలు జరుగుతాయి, కూలీలు దొరకడం లేదన్న ఏడుపూ ఉంది. జన్నత్ ఏమీ కాదు. కానీ గానుగ తిరుగుతోంది.

పురుగు తిన్నాక మళ్లీ నాటలేకపోయిన మెట్లు కొన్ని ఆ కొండల మీద అలాగే ఉన్నాయి. ముళ్లపొదలు, అక్కడక్కడా జైతూన్ చెట్లు. వాటిని మొర్తోరియో అంటారు, చావు వాసన ఉన్న మాట. 2001లో యునెస్కో ఆ వాదీకి విశ్వ వారసత్వం ముద్ర వేసినప్పుడు ఆ చచ్చిన మెట్లు కూడా అందులో ఉన్నాయి. పడవలో పోయేవాళ్లు వాటికీ ఫోటోలు తీస్తారు. చుట్టూ పచ్చగా బతికిన తోటలు ఉన్నాయి కాబట్టే అవి చూడ ముచ్చటగా ఉంటాయి. మొత్తం వాదీయే మొర్తోరియో అయితే ఎవరు టికెట్ కొంటారు?

ఇప్పుడు మన దగ్గరికి రండి. మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్, మెదక్ దాటి, 724 కిలోమీటర్లు నడిచి, రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దూరోలో డ్యాములు పడవల కోసం, కరెంటు కోసం. మన డ్యాము పంట కోసం. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాం సాగర్, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజినీరింగ్. రాయీ సున్నంతో కట్టిన ఆ కట్ట కింద 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లు అని లెక్క. నీళ్లొచ్చాక చెరుకు వచ్చింది. చెరుకు వచ్చాక 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 1938లో జానకంపేట నుంచి బోధన్‌కు రైలు. నది, కట్ట, కాలువ, పంట, గానుగ, రైలు, బస్తీ. పదిహేనేళ్లలో ఒక పూర్తి వాదీ తయారైంది. దూరోకు ఇన్ని శతాబ్దాలు పట్టిన పని.

ఆసియాలోనే పెద్దదని మా పెద్దలు ఛాతీ చరుచుకునేవారు. ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల ఫారాలు, కాలనీ, స్కూలు, దవాఖానా. సీజన్‌లో రాత్రంతా ఎడ్ల బండ్లు వరుస కట్టేవి. మేం మగ్రిబ్ అయ్యాక ఆ బండ్ల వెనక నక్కి చెరుకు గడలు గుంజేవాళ్లం. బండి మనిషి తిట్టేవాడు గానీ దిగేవాడు కాదు, దిగితే వరుస పోతుంది. ఆ వరుసలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ నాలుగూ వినిపించేవి. నాకు తెలుగు వచ్చింది క్లాసులో కాదు, ఆ బండ్ల దగ్గరే. డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే మా ఉర్దూ ఉస్తాద్ ఖఫా అయ్యారు, అది వేరే ఖిస్సా.

తర్వాత సంగతి మీకు తెలిసిందే, నిడివిగా చెప్పను. 2002లో సర్కారు 51 శాతం వాటాను ప్రైవేటు చేతికిచ్చింది. 2014లో గెలిచినవాళ్లు వంద రోజుల్లో వెనక్కి తీసుకుంటామన్నారు. 2015 డిసెంబర్‌లో బోధన్‌తో పాటు ముత్యంపేట, మెదక్ యూనిట్లకూ లేఆఫ్ పడింది. 2019లో లిక్విడేషన్ ఆర్డర్. 2023 ఎన్నికల తర్వాత వచ్చినవాళ్లు 2024 జనవరిలో కమిటీ వేశారు. మధ్యలో సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ కూడా పోయింది. బోధన్ చుట్టుపక్కల చెరుకు మిగిలిన రైతు దాన్ని కామారెడ్డి వైపు మోసుకుపోవాలి. కోసిన మరునాటి నుంచే తీపి తగ్గే పంటను. ఎక్కువ మంది వరి వేసుకున్నారు. వాళ్ల తప్పేం లేదు.

మనకు పురుగు పట్టలేదు. నేల చెడలేదు. నిజాం సాగర్‌లో పూడిక నిండి 29 టీఎంసీల పైన ఉన్న కట్ట 17.8కి దిగిన మాట నిజం, పైన సింగూరు నీళ్లు హైదరాబాద్ తాగిన మాట నిజం. అయినా ఆ ఆయకట్టులోనే ఇప్పుడు వరి పండుతోంది కదా. పంట చావడానికి కారణం ఒక గేటుకు పడ్డ తాళం.

ఈమధ్య బోధన్‌లో, నిజామాబాద్‌లో పదిమంది చదువుకున్నవాళ్లు కూర్చుంటే కొత్త మాట ఒకటి వినిపిస్తోంది. ఫ్యాక్టరీ ఎలాగూ తెరవరు, హెరిటేజ్ చేయాలి. షక్కర్‌నగర్ బంగళాలు మ్యూజియం, అలీసాగర్‌లో ఇంకో నాలుగు బోట్లు, కందకుర్తి సంగమం నుంచి బాసర దాకా క్రూయిజ్. యూరప్‌లో చూడండి భాయ్, నదులతోనే ఎంత సంపాదిస్తున్నారో అంటారు. చెప్పేవాళ్లలో నా దోస్తులూ ఉన్నారు, నియ్యత్ మంచిదే. నాకూ పడవలంటే ఇష్టమే. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీలో పోయినప్పుడు నల్లమల కొండల మధ్య నా పిల్లలు ఫోన్లు జేబులో పెట్టేశారు, అదొక్కటే చాలు. కందకుర్తి దగ్గర వానాకాలంలో రెండు నదుల నీళ్లు రెండు రంగుల్లో కలుస్తుంటే చూడటానికి నేను ఏటా పోతాను.

కానీ యూరప్‌ను వీళ్లు తలకిందులుగా చదువుతున్నారు. అక్కడ పడవ పంటను బతికించలేదు. పంట బతికింది కాబట్టి పడవ వచ్చింది. దూరోలో హద్దురాళ్లకూ క్రూయిజ్‌కూ మధ్య 230 ఏళ్లకు పైగా గడిచాయి. జర్మనీలో మోసెల్ నది మీద పెద్ద పడవలు తిరగడానికి ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ 1956లో ఒప్పందం చేసుకుని 1964 నాటికి దారి తయారు చేశాయి. అదీ సరుకు రవాణా కోసం, సైర్ కోసం కాదు. సైర్ వెనకాల వచ్చింది. 2018లో, 2022లో ఎండలకు రైన్ ఎండిపోతే పడవల్లో తిరగాల్సినవాళ్లను బస్సుల్లో తిప్పారు. ఆ వేసవుల్లో ఆ ఊళ్లు పడవ టికెట్ల మీదే ఆధారపడి లేవు, కొండ మీద అంగూర్ పండుతూనే ఉంది. మంజీర సగం ఏడాది ఇసుక. ఆ ఇసుకలో ట్రాక్టర్లు తిరుగుతాయి, పడవలు కాదు. పంట లేకుండా పడవ మీదే ఊరిని నిలబెడతామంటే వానాకాలం నాలుగు నెలలు తిని మిగతా ఎనిమిది నెలలు రోజా ఉండాలి.

ఇంకా పడవ అంటే ఉత్త పడవ కాదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు పోతున్న బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి యాభై మంది దాకా పోయారు. మన వరంగల్ జిల్లా వాళ్లూ అందులో ఉన్నారు. నది ఉబ్బి ఉన్న రోజు బోటును ఆపే ఆఫీసరు, లైఫ్ జాకెట్ వేసుకోని మనిషిని దించే సారంగు, ఇవి లేకుండా క్రూయిజ్ అనే మాట ఎత్తితే నాకు ఆ రోజు వార్త రాసిన రాత్రే గుర్తొస్తుంది.

మ్యూజియం ఎందుకు వద్దంటున్నానో ఫ్యాక్టరీ పాత మజ్‌దూర్లను అడగండి. బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు, క్వార్టర్లలో పైకప్పు కారుతుంటే తట్టలు పెట్టుకున్నవాళ్లు. వాళ్లలో మా మామూజాన్ ఒకరు. పాన్ హౌస్‌లో ముప్ఫై ఏళ్లు పాకం చూశారు. మరిగే పాకంలోంచి రెండు చుక్కలు గాజు పలక మీద వేసి, దీపం వెలుగులో పట్టి, గింజ ఎంత పెరిగిందో చెప్పేవారు. ఆ హునర్ ఏ పుస్తకంలో లేదు. ఇప్పుడు ఆయనకు డెబ్భై దాటింది. ఆ పలకను అద్దాల పెట్టెలో పెట్టి పక్కన చీటీ అంటించే కన్నా, ఆయన చూపు ఉండగానే ఇద్దరు కుర్రాళ్లను ఆయన పక్కన నిలబెట్టడం మంచిది. నాలుగైదేళ్లు పోతే నేర్పేవాళ్లు మిగలరు.

చెరుకు ఇప్పుడు లాభం కాదు, ఫ్యాక్టరీ నడవదు అనేవాళ్లకు ఒకే సంగతి. 2002లో ఫ్యాక్టరీకి చక్కెర ఒక్కటే ప్రధాన రాబడి. ఇవాళ చక్కెర, ఇథనాల్, పిప్పి నుంచి కరెంటు, మూడు చేతులున్నాయి. ఇథనాల్‌ను ఆయిల్ కంపెనీలు కొంటున్నాయి. దేశంలో మిగతా షుగర్ ఫ్యాక్టరీలు డిస్టిలరీలు పెంచుకుంటుంటే, డిస్టిలరీ ముందే ఉన్న ఊళ్లో తాళం వేలాడుతోంది. షరాబ్ బట్టీ మళ్లీ ఎందుకని మౌలానా సాబ్‌లు అడగవచ్చు. అడగనీయండి. పోసేది పెట్రోల్ బంకులో, సీసాలో కాదు అని సర్కారు చేత రాయించుకుందాం. ఆ షరతు పెట్టే హఖ్ మనకు ఉంది, మన ఖౌమ్ ఆ ఒక్క షరతు మీద గట్టిగా నిలబడితే నాకు ఖుషీ.

ఇక తెరుస్తామని ఎవరు వచ్చి మైకు పట్టుకున్నా మనం అడగాల్సింది తేదీ. చెరుకు నాటిన పది పన్నెండు నెలలకు గానీ గానుగకు రాదు. నవంబర్‌లో క్రషింగ్ అంటే అంతకు ముందు జనవరి, ఫిబ్రవరిలో ముచ్చె నేలలో పడాలి. దానికి ముందు విత్తనం ఎవరిస్తారో తెలియాలి. నిజాం సాగర్ నుంచి ఎండాకాలం తడులు ఎన్నో కాగితం మీద ఉండాలి. టన్ను రేటు ఎంతో, కోసిన ఎన్ని రోజులకు పైసలో చెప్పాలి. వరి వదిలి చెరుకు వేసే రైతు ఒక ఏడాది రోటీని జూదంలో పెడుతున్నాడు. ఇవేవీ చెప్పకుండా ఎన్నికల ముందు గేటుకు పూలదండ వేసి ఫోటో దిగితే దాన్ని తెరవడం అనరు. ముందు మజ్‌దూర్ల బకాయి, తర్వాత ముచ్చె, తర్వాత నీళ్లు, తర్వాత భోంగా. పడవ దాని తర్వాత ఎప్పుడైనా రానీయండి, మొదటి టికెట్ నేనే కొంటాను.